చెన్నపురిలో రక్తశోధన చికిత్స: రోగి ఆత్మసంరక్షణ చరిత్ర

నెల్లూరు, చిత్తూరు, ఒంగోలు సీమల తెలుగువారికి పట్నమనగా చిరకాలముగా చెన్నపట్నమే. వ్యాజ్యమునకు, విద్యకు, పుస్తక ముద్రణమునకు, తరువాత చలనచిత్రములకు వచ్చినట్లే వైద్యమునకును వారిక్కడికే వచ్చుచుండిరి. 1664లో సెంట్ జార్జి కోటలో సైనికులకై వెలసిన చిన్న ఆసుపత్రియే పెరిగి పెద్దదై, నేడు సెంట్రల్ స్టేషను ఎదుట రాజీవ్ గాంధీ ప్రభుత్వ సార్వజనిక వైద్యశాలగా నిలిచియున్నది. రైలు దిగిన రోగి వీధి దాటినచో వైద్యశాల చేరును. అట్లు రైలు దిగువారిలో గడచిన నలువది ఏండ్లనుండి ఒక క్రొత్త విధమైన రోగులు కానవచ్చుచున్నారు. వీరు ఒకమారు వచ్చి నయము చేసికొని పోవువారు కారు. వారమునకు రెండు మూడు మార్లు, బ్రతికినంత కాలము, యంత్రము కడకు రావలసినవారు. మూత్రపిండములు పూర్తిగా చెడి, యంత్రముచే రక్తమును శుద్ధి చేయించుకొనుచు జీవించు వీరిని గూర్చియే ఈ వ్యాసము.

వారమునకు 168 గంటలు. మూడు పర్యాయములు, పర్యాయమునకు నాలుగు గంటల చొప్పున డయాలిసిస్ చేయించుకొన్నను చికిత్సాకాలము 12 గంటలకు మించదు. తక్కిన 156 గంటలును రోగి ఇంటనో, కార్యాలయముననో, వీధిలోనో గడుపవలసినవాడే. ఆరోగ్యవంతుని మూత్రపిండములు రేయింబవళ్లు విరామము లేక చేయు పనిలో యంత్రము ఏ కొంతయో చేసిపెట్టును. చేయలేక విడిచిన భాగమునకు రోగియే బాధ్యుడగుచున్నాడు. డయాలిసిస్ చరిత్రకారులు సామాన్యముగా యంత్రముల చరిత్రను వ్రాసిరి. యంత్రము వెలుపలి గంటల చరిత్రను వ్రాసినవారు తక్కువ. రోగి ఎన్నాళ్లు బ్రతికెను, ఎట్లు బ్రతికెను అను రెండు ప్రశ్నలకును సమాధానము మాత్రము ఆ వెలుపలి గంటలయందే హెచ్చుగా దొరకును.

మూత్రపిండములు రెండును కలిసి దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడపోసి, అందు కావలసినదానినెల్ల మరల రక్తమునకు చేర్చి, ఒకటిన్నర లీటరు ప్రాంతమును మాత్రము మూత్రముగా వెడలించును. యూరియా మొదలగు మలినములను త్రోసివేయుట ఒక్కటే వాని పని కాదు. ఉప్పు, నీరు, పొటాషియము, ఆమ్లము మున్నగువాని పాళ్లను సరిచూచుటయు, ఎఱ్ఱకణముల ఉత్పత్తికి వలసిన ఎరిత్రోపొయెటిన్ అను హార్మోనును తయారుచేయుటయు, డి విటమినును ఎముకలకు పనికివచ్చు రూపమునకు తెచ్చుటయు వాని వంతే. యంత్రము మలినములను, అధికమైన నీటిని, లవణములను కొంతవరకు తీసివేయగలదు. హార్మోనును పుట్టింపజాలదు.

ద్రావణములోని సూక్ష్మపదార్థములు పలుచని పొరగుండ ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు వ్యాపించుటను స్కాట్లండు రసాయనవేత్త థామస్ గ్రాహం పరిశోధించి 1861లో దానికి డయాలిసిస్ అని పేరిడెను. 1913లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్ జేకబ్ ఏబెల్, అతని సహచరులు జంతువుల రక్తమును గొట్టములగుండ ప్రవహింపజేసి శుద్ధిచేసిరి. రక్తము గడ్డకట్టకుండుటకు జలగల తలలనుండి తీసిన హిరుడిన్ అను పదార్థమును వాడిరి. మన పల్లెవైద్యుడు చెడురక్తము తీయుటకు జలగను పట్టించిన సంగతి ఇట తలపునకు వచ్చును. 1924లో జర్మనీలోని గీసెన్ పట్టణమున జార్జి హాస్ అను వైద్యుడు తొలిసారిగా మనుష్యునకు ఈ చికిత్సను ప్రయోగించెను. తరువాత రెండవ ప్రపంచయుద్ధమున జర్మనుల యాక్రమణలో నున్న హాలెండునందు, కాంపెన్ అను చిన్న యూరిలో, విల్లెం కోల్ఫ్ 1943లో తన తిరుగుడు పీపా యంత్రమును నిర్మించెను. సాసేజి తొడుగులకు వాడు సెల్లోఫేను గొట్టమును కొయ్యపట్టీల పీపాకు చుట్టి, దానిని ఉప్పునీటి తొట్టిలో త్రిప్పుటయే అందలి సూత్రము. మొదటి రోగులలో చాలమంది మరణించిరి. 1945లో 67 ఏండ్ల వృద్ధురాలొకతె స్మృతి తప్పిన స్థితినుండి కోలుకొని బ్రతికెను.

అయితే కోల్ఫ్ యంత్రము తాత్కాలికముగా మూత్రపిండములు చెడినవారికే ఉపకరించెను. ప్రతి చికిత్సకును ఒక ధమనిని, ఒక సిరను కోసి గొట్టములు పెట్టవలెను; కొలది పర్యాయములకే శరీరమున చోటు మిగులదు. ఈ చిక్కును అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ 1960 మార్చిలో విడదీసెను. చేతిలోని ధమనికిని సిరకును శాశ్వతముగా అమర్చిన టెఫ్లాన్ గొట్టమే ఆ యుపాయము. దానిని మొదట ధరించినవాడు బోయింగ్ విమాన కర్మాగారమున యంత్రపు పనివాడైన క్లైడ్ షీల్డ్స్. అతడు తరువాత పదునొకండేండ్లు బ్రతికెను. షీల్డ్స్ చరిత్రయందు గొట్టముకంటెను గమనింపదగినది మఱియొకటి కలదు. అతని రక్తపుపోటు మందులకు లొంగనంత తీవ్రముగా నుండెను. స్క్రిబ్నర్ అతని శరీరమునందు నిలిచిన నీటిని యంత్రముచే తీసివేసి, ఇంటియొద్ద ఉప్పును కఠినముగా తగ్గింపించినంతనే పోటు దిగెను. దీర్ఘకాల డయాలిసిస్ పొందిన ఆ తొలి రోగియే ఉప్పు మానుటచేత నిలిచెను. తరువాతి అఱువదియేండ్ల అనుభవము ఈ సంగతికి చేర్చినది స్వల్పము.

సియాటిల్ నగరమున 1962లో ప్రత్యేక కేంద్రము వెలసెను గాని యంత్రములు కొన్నియే, రోగులు పెక్కుమంది. ఎవరికి యంత్రమియ్యవలెనో నిర్ణయించుటకు ఏడుగురు పౌరుల సంఘమొకటి ఏర్పడెను; రోగి వృత్తి, కుటుంబము, చర్చికి పోవుట మొదలైనవి కూడ అందు చర్చకు వచ్చెను. లైఫ్ పత్రిక 1962 నవంబరులో దీనిని బయటపెట్టగా దేశమంతయు కలవరపడెను. సంఘము తిరస్కరించిన ఒక బాలిక కొఱకు ఇంటియొద్ద వాడదగిన యంత్రమును ఇంజనీర్లు 1964లో సిద్ధముచేసిరి. అదే కాలమున లండనులో స్టాన్లీ షాల్డన్ రోగులకే యంత్రము నడుపుట నేర్పి, నిద్రించుచుండగనే రాత్రివేళ చికిత్స జరుగునట్లు చేసెను. రోగి తన చికిత్సను తానే చేసికొనుట అను భావము ఇట్లు ఆదర్శమునుండి కాక, కొఱతనుండి పుట్టినది. 1972లో అమెరికా ప్రభుత్వము ఖర్చు భరించుటకు చట్టము చేసిన పిమ్మట కేంద్రములు పెరిగి, ఇంటి చికిత్స అచట తగ్గిపోయెను. సౌకర్యము పెరిగినచో స్వతంత్రత తగ్గుట చరిత్రలో క్రొత్త కాదు.

1966లో న్యూయార్కునందు బ్రెషియా, సిమినో, అప్పెల్ అను వైద్యులు మణికట్టు కడ ధమనిని నేరుగా సిరకు కలిపి కుట్టు పద్ధతిని ప్రకటించిరి. దీనినే ఫిస్ట్యులా యందురు. ధమని వేగము తగిలి సిర కొన్ని వారములలో లావై, పదేపదే సూది గ్రుచ్చుటకు అనువగును. నేటికిని ఇంతకు మించిన మార్గము దొరకలేదు. చేతిపై వ్రేలుంచినచో పిల్లి గురకవంటి కదలిక తెలియును. ప్రతి ఉదయమును రోగి దానిని తడవి చూచుకొనవలెను. ఆ గురక ఆగినచో ఆనాడే, ఆ గంటకే, వైద్యశాలకు పోవలెను. ఆ చేతికి రక్తపుపోటు పట్టీ చుట్టనీయరాదు, రక్తము తీయనీయరాదు, బిగువైన గాజులు, గడియారము తగవు, ఆ ప్రక్కకు తలక్రింద చేయి పెట్టుకొని పరుండరాదు. గాజులు తీయుట తెలుగు గృహిణికి ఎంత మనఃకష్టమో వేరుగ చెప్పనక్కరలేదు. వదులైన గాజు మఱియొక చేతికి వేసికొన్నచో సరిపోవునని ఓపికతో చెప్పు నర్సు మేలు చేయును. తీసివేయుమని కసరు నర్సు మాట చెవికెక్కదు.

భారతదేశమున డయాలిసిస్ అను మాట సామాన్యుని చెవినిబడినది 1975లో. ఆ సంవత్సరము జూన్ 26న నిర్బంధింపబడిన జయప్రకాశ్ నారాయణకు చండీగఢ్ నిర్బంధములోనే మూత్రపిండములు చెడెను. నవంబరులో విడుదలయై బొంబాయి జస్లోక్ వైద్యశాల చేరునప్పటికి ప్రాణము కడంటియుండెను. అచట ఆయనకు చికిత్స చేసినవాడు డాక్టరు ఎం. కె. మణి. యంత్రమునకు కావలసిన ధనమును ప్రజలు తలకొక రూపాయి చొప్పున చందాగా ఇచ్చిరి. ప్రధానమంత్రి సహాయనిధినుండి వచ్చిన 90,000 రూపాయలను జయప్రకాశ్ తిప్పిపంపెను. తరువాత దాదాపు నాలుగేండ్లు, 1979 అక్టోబరు 8 వరకు, ఆయన జీవించెను. జనతా పార్టీ కూర్పును, 1977 ఎన్నికల ప్రచారమును డెబ్బదియేండ్లు దాటిన రోగి రక్తశోధనపు దినముల నడిమి వ్యవధిలోనే నడిపెను. 1979 మార్చిలో ఆయన మరణించెనని లోకసభలో పొరపాటున ప్రకటింపగా సంతాపములు కూడ జరిగినవి. ఆయన మఱి ఆఱు నెలలకు పైగా బ్రతికియుండెను. డయాలిసిస్ రోగి మంచమునకే కట్టువడియుండునను తలంపును ఈ దేశమున మొదట త్రోసిపుచ్చినది ఆ జీవితమే. ఆయనకు తలకొక రూపాయి ఇచ్చిన లక్షలాది జనులలో ఎవరికైన అదే వ్యాధి వచ్చినచో ఎవరు చందాలెత్తుదురు? ఆ ప్రశ్న మాత్రము మిగిలియుండెను.

మణి తరువాత మదరాసునకు వచ్చెను. చిత్తూరు జిల్లా అరగొండ గ్రామమునకు చెందిన డాక్టరు ప్రతాప్ సి. రెడ్డి 1983 సెప్టెంబరులో ఇచట అపోలో వైద్యశాలను ప్రారంభింపగా, అందలి మూత్రపిండ విభాగమును మణి నిర్వహించెను. వైద్యుని యముని సహోదరుడుగా పరిహసించు ప్రాచీన చాటువును తలపించునట్లు ఆయన తన జ్ఞాపకముల గ్రంథమునకు ‘యమరాజాస్ బ్రదర్’ అని పేరిడెను. వైద్యశాల ఆరంభమైన మరుసటి యేడే, 1984 అక్టోబరులో, ముఖ్యమంత్రి ఎం. జి. రామచంద్రన్ మూత్రపిండముల వైఫల్యముతో అందు చేరెను. నగరమంతయు వైద్యశాల ద్వారమున నిలిచినట్లయ్యెను. పిమ్మట ఆయనను అమెరికాలోని బ్రూక్లిన్ నగరమునకు తీసికొనిపోయిరి. డిసెంబరులో సోదరుని కుమార్తె దానము చేసిన మూత్రపిండమును అమర్చిరి. రోగశయ్యపై నుండగనే ఆయన ఎన్నికలలో గెలుపొంది, 1985 ఫిబ్రవరిలో తిరిగివచ్చి, 1987 డిసెంబరు వరకు పరిపాలించెను. టీకొట్టు కడ నిలుచువానికి కూడ ‘కిడ్నీ మార్పిడి’ అను మాట అప్పుడే అలవడినది.

ఈ రెండు ఉదంతములకును నడుమనున్న భేదము చెన్నపురి రోగుల చరిత్రకు కీలకము. జయప్రకాశ్ డయాలిసిస్ పైననే జీవించెను. రామచంద్రన్ డయాలిసిస్ దాటి మార్పిడికి పోయెను. 1980లలో మదరాసు రెండవ మార్గమునే పట్టెను. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1971లోనే సజీవదాత మూత్రపిండపు మార్పిడి సఫలమైయుండెను. సైక్లోస్పోరిన్ అను మందు వచ్చిన పిమ్మట ఫలితములు మెఱుగుపడెను. జీవితాంతము డయాలిసిస్ చేయించుకొనుటకంటె ఒకమారు మార్పిడి చేయించుకొనుట చౌక. కావున డయాలిసిస్ ఆ కాలమున ఇంటి ముందరి అరుగువంటిది; తలుపు తెఱచువఱకు కూర్చుండు చోటు. అరుగుమీద కూర్చున్నవానికి ఇల్లు సర్దుకొనుట ఎవరు నేర్పుదురు? రోగికి మూడు నెలలు, ఆఱు నెలలు గడపుట ఎట్లో చెప్పిరి గాని పదియేండ్లు బ్రతుకుట ఎట్లో చెప్పలేదు.

ఆ తలుపు తెఱచుటకు పేదవారి శరీరము తాళపుచెవి యయ్యెను. నగరపు ఉత్తరభాగమునందలి విల్లివాక్కమునకు ‘కిడ్నీవాక్కము’ అను అపకీర్తి వచ్చినది ఆ దినములలోనే. 1994లో పార్లమెంటు అవయవ మార్పిడి చట్టము చేసి విక్రయమును నేరముగా నిర్ణయించెను. చట్టము వచ్చిన తరువాతను విక్రయము పూర్తిగా ఆగలేదు. చెన్నైలో మూత్రపిండము విక్రయించిన 305 మందిని ప్రశ్నించి చేసిన పరిశీలన 2002లో అమెరికా వైద్యసంఘ పత్రికలో వెలువడెను. వారిలో నూటికి 96 మంది అప్పులు తీర్చుటకే అమ్మిరి. నూటికి 86 మంది తరువాత తమ ఆరోగ్యము క్షీణించెననిరి. కుటుంబముల ఆదాయము మూడవవంతు పడిపోయెను. చాలమందికి అప్పులు తీరనేలేదు. ఒకరి జీవన నాణ్యతకై మఱియొకరి జీవన నాణ్యతను వెచ్చించుట ఎంతటి చెడ్డ బేరమో ఈ అంకెలు చెప్పును.

విక్రయపు తలుపు మూతపడుటతో అరుగే ఇల్లయ్యెను. 2008 నుండి తమిళనాడునందు మరణించినవారి అవయవముల దానము క్రమబద్ధముగా సాగి, దేశమునకే మార్గదర్శకమైనను, వేచియుండువారి సంఖ్యకు అది చాలదు. ఇంతలో ఖర్చు భరించు ఏర్పాటులును ఒకదాని వెంట ఒకటి వచ్చెను. 1993లో చెన్నైలో స్థాపితమైన టాంకర్ ఫౌండేషన్ పేదలకు తక్కువ రుసుముతో చికిత్స సమకూర్చెను. ఆంధ్రప్రదేశమున 2007లో ఆరోగ్యశ్రీ, తమిళనాట 2009లో ముఖ్యమంత్రి బీమా పథకము ఆరంభమాయెను. 2016 కేంద్ర బడ్జెటులో జాతీయ డయాలిసిస్ కార్యక్రమము ప్రకటింపబడెను. 2019 నుండి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము డయాలిసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛనునిచ్చుట మొదలిడెను. ఉద్దానపు కొబ్బరితోటల నడుమ కారణము తెలియని మూత్రపిండవ్యాధితో ఊళ్లకు ఊళ్లు తల్లడిల్లుట దీనికి ముఖ్య ప్రేరకము. చెన్నపట్నమునకు రైలెక్కవలసిన నెల్లూరు రోగి తన జిల్లాలోనే యంత్రమును పొందజాలుట ఈ మార్పుల ఫలమే.

అయినను యంత్రము చేరువైనంత మాత్రమున లెక్క సరిపోదు. మన దేశమున ఎక్కువమంది రోగులు వారమునకు రెండు పర్యాయములే చేయించుకొనుచున్నారు. అనగా 168 గంటలలో 8 గంటలు, వెలుపల 160. ఐరోపా, అమెరికాల రోగికంటె మన రోగి తన్ను తాను కాపాడుకొనవలసిన కాలము హెచ్చు, నేర్పువారు తక్కువ.

ఆత్మసంరక్షణ అను మాటకు శాస్త్రగౌరవము కల్పించినది అమెరికా నర్సు డొరొతియా ఓరెం. రోగి తనకై తాను చేసికొనగల పనులను గుర్తించి, చేయలేని మేరకే నర్సు పూనుకొనవలెనని ఆమె 1971 నాటి గ్రంథమున సిద్ధాంతీకరించెను. డయాలిసిస్ రోగి విషయమున ఆ పనులలో పెద్దది ఉప్పు. నీరు తక్కువ త్రాగుమని వైద్యులందఱును చెప్పుదురు. చెన్నపురి మేనెల ఎండలో ఆ మాట వినుట మనుష్యమాత్రునకు కష్టము. కాని దాహము ఎక్కడినుండి వచ్చుచున్నదో విచారించినచో ఉపాయము దొరకును. శరీరము సుమారు 9 గ్రాముల ఉప్పును ఒక లీటరు నీటితో కలిపి నిలువ చేయును. దినమునకు 10 గ్రాముల ఉప్పు తినువాడు రెండు దినముల వ్యవధిలో రెండు లీటర్లకు పైగా నీరు త్రాగియే తీరును. సంకల్పబలము దానిని ఆపజాలదు. 5 గ్రాములకు దిగినవానికి దాహమే సగమగును. కావున నీరు త్రాగవద్దనుటకంటె ఉప్పు తినవద్దనుట యుక్తము. అట్లు చెప్పని వైద్యుడు రోగిని వృథాగా దండించుచున్నాడు.

ఇక్కడనే తెలుగు వంటయిల్లు అడ్డు వచ్చును. ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, అప్పడము, వడియము, ఊరమిరప: మన భోజనమునకు ప్రాణమైన వస్తువులన్నియు ఉప్పుతోనే నిలువయుండునవి. ఊరగాయను పూర్తిగా మాన్పించుట పలువురు చేసిన ప్రయత్నమే. నెల దాటి నిలుచుట అరుదు. నిమ్మరసము, మిరియము, జీలకఱ్ఱ, ఇంగువ, అల్లము, కొత్తిమీరలతో ఉప్పు లోటును కప్పుట తెలిసిన యిల్లాలు ఉన్నచో రోగి అదృష్టవంతుడు. ఒక్క హెచ్చరిక అవసరము. అంగడిలో ‘తక్కువ సోడియము ఉప్పు’ అని అమ్మునదానిలో సోడియమునకు బదులు పొటాషియము కలుపుదురు. రక్తపుపోటు గలవానికి మేలు చేయు ఆ పొట్లము డయాలిసిస్ రోగికి విషతుల్యము. పొటాషియము పేరుకొన్నచో గుండె ముందు సూచన లేకయే ఆగిపోవచ్చును. కొబ్బరినీరు, అరటిపండు, నారింజ, ఎండు ఫలములు కూడ ఈ కారణముననే పరిమితములు. రోగిని చూడబోవువారు కొబ్బరిబొండము, పండ్లబుట్ట తీసికొనిపోవు మన మర్యాద ఇట అపకారమగును. కూరగాయలను తఱిగి, నీటిలో నానవేసి, ఉడికించి, ఆ నీటిని పారబోసిన యెడల పొటాషియము చాలవఱకు పోవును. ఉడికిన నీటిని చారులో కలుపుకొను అలవాటుగల యింట ఈ మాట చెప్పినవారిని తేరిపార చూతురు, అయినను చెప్పవలెను.

మఱియొక పొరపాటు నియమము తెలియకపోవుటవలన కాక, పాత నియమమును విడువకపోవుటవలన కలుగును. మూత్రపిండములు చెడుచున్న కాలమున పప్పు, పాలు, మాంసము తగ్గింపుమని చెప్పుదురు. డయాలిసిస్ ఆరంభమైన పిదప నియమము తలక్రిందులగును. ప్రతి చికిత్సయందును కొంత మాంసకృత్తు పోవును గనుక కిలో బరువునకు దినము 1 నుండి 1.2 గ్రాముల వఱకు తినవలెను. ఈ మార్పు ఇంటివారికి తెలియక, భక్తితో పాత పథ్యమునే పాటించి, రోగిని క్షీణింపజేసిన కుటుంబములు పెక్కు. గ్రుడ్డులోని తెల్లసొన అలవాటున్నవారికి సులభమార్గము. ఫాస్ఫరము తగ్గించు మాత్రలను భోజనముతోనే మ్రింగవలెను. తిన్న గంటకు మ్రింగినచో డబ్బు వ్యర్థము.

రోగి చేతిలో లేని సంగతులును కలవు. రక్తహీనత అట్టిది. హార్మోను లేక ఎఱ్ఱకణములు తగ్గి, మెట్లెక్కిన ఆయాసపడు స్థితిలో రోగులు మాటిమాటికి రక్తమెక్కించుకొనుచు బ్రతికిరి. 1980లలో ఎరిత్రోపొయెటిన్ కృత్రిమముగా తయారై, సియాటిల్ పరిశోధనల పిమ్మట 1989లో అమెరికాలో అనుమతి పొందెను. యంత్రము పుట్టిన తరువాత రోగి దినచర్యను ఇంతగా మార్చిన వస్తువు మఱియొకటి లేదు. రక్తమెక్కించుట వలనను, ఒకే గదిలో పలువురి రక్తము యంత్రములలో తిరుగుట వలనను కామెర్ల వ్యాధియగు హెపటైటిస్ వ్యాపించుచుండెను. దానికి టీకా ఉన్నను విదేశములనుండి వచ్చుటచే వెల హెచ్చు. నెల్లూరు జిల్లావాడగు కె. ఐ. వరప్రసాద్ రెడ్డి హైదరాబాదున స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను స్వదేశమున తయారుచేయుటతో వెల ఎన్నోవంతుకు దిగెను. తెలుగునేలనుండి డయాలిసిస్ రోగులకు చేరిన ఉపకారములలో ఇది పెద్దది. రోగులలో చాలమందికి ఈ సంగతి తెలియదు.

జీవన నాణ్యతను కొలుచుటకు పాశ్చాత్యులు ప్రశ్నావళులు తయారుచేసిరి. 1990లలో మూత్రపిండ రోగులకై ప్రత్యేకముగా ఒకటి వచ్చెను. నిద్ర, దురద, నొప్పి, అలసట, ఉద్యోగము, దాంపత్యము, ఇతరులకు భారమైతినను బాధ, వీనిని అంకెలుగా మార్చుట అందలి పద్ధతి. అంకెలు అవసరమే. కాని మన యిళ్లలో రోగి మొదట చెప్పు బాధ వీనిలో చివరిది. సంపాదించు పురుషుడు రోగియైనచో భార్య ఉద్యోగము వెదకును. భార్యయే రోగియైనచో వంట ఎవరు చేయుదురను ప్రశ్న వచ్చును. తన పథ్యము తానే వండుకొని, ఇంటివారికి వేఱుగ ఉప్పుకారములతో వండిపెట్టి, బస్సెక్కి యంత్రము కడకు పోవు స్త్రీ ఆత్మసంరక్షణ ఏ ప్రశ్నావళికిని పూర్తిగా అందునది కాదు.

పని విడువక జీవించినవారి ఉదాహరణములు లేకపోలేదు. హైదరాబాదున కమల్ షా అను ఇంజనీరు 1997లో యువకుడుగా నున్నప్పుడే మూత్రపిండములు కోల్పోయి, కొంతకాలము ఇంటనే రాత్రివేళ దీర్ఘముగా డయాలిసిస్ చేసికొనుచు, పగలు ఉద్యోగము చేసెను. తరువాత విక్రమ్ వుప్పల మున్నగువారితో కలిసి నెఫ్రోప్లస్ అను చికిత్సాకేంద్రముల సంస్థను స్థాపించెను. అందు రోగిని రోగియనక ‘అతిథి’ యనెదరు. పేరు మార్చినంత మాత్రమున వ్యాధి మారదని ఎవరైన అనవచ్చును. చికిత్సాకేంద్రమును స్వయముగా ఆ కుర్చీలో కూర్చున్నవాడు రూపొందించుటలో మాత్రము విశేషమున్నది. రాత్రి నిద్రలో ఆఱు, ఎనిమిది గంటలు మెల్లగా శుద్ధియైన రక్తము నాలుగు గంటల తొందరలో శుద్ధియైనదానికంటె శరీరమునకు హితమని ఫ్రాన్సులోని టాసాన్ పట్టణపు వైద్యులు దశాబ్దముల అనుభవముచే చూపిరి.

చెన్నపురి ప్రకృతియు రోగిని పరీక్షించినది. 2015 డిసెంబరు మొదటి దినములలో అడయారు పొంగి ముడిచూరు, కొట్టూరుపురము, వేళచ్చేరి మునిగినప్పుడు, ఒకనాటి చికిత్స తప్పుటయే ప్రాణాపాయమైన రోగులు నీటి నడుమ చిక్కుకొనిరి. 2020 మార్చి 25 నుండి దేశమంతట రాకపోకలు నిలిచినప్పుడు అదే దుఃస్థితి పెద్దయెత్తున మరల వచ్చెను. ఇట్టి సమయములకై అత్యవసర పథ్యమొకటి కలదు: పండ్లు పూర్తిగా మాని, ఉప్పు, నీరు సగమునకు తగ్గించి, అన్నము, చక్కెర, నూనెలతో ఆకలి తీర్చుకొని రెండు మూడు దినములు గడపుట. తుపానుల తీరమున నివసించు ప్రతి రోగి యింటను ఈ కాగితము గోడకు అంటించియుండవలసినది. ఒక్కొక్క పర్యాయపు చికిత్సకు సుమారు 120 లీటర్ల పరిశుద్ధజలము ఒక్కొక్క రోగికి కావలెను. 2019 వేసవిలో చెఱువులు ఎండి నగరము లారీ నీటిపై బ్రతికినప్పుడు ఈ లెక్క ఎంత బరువైనదో కేంద్రములు నడుపువారికి తెలిసివచ్చెను.

ఇన్ని నియమములు రోగికి ఏ భాషలో చెప్పవలెను? చెన్నై వైద్యశాలల పథ్యపు చీటి తమిళముననో ఆంగ్లముననో ఉన్నచో గూడూరునుండి వచ్చిన వృద్ధురాలు దానిని మడిచి సంచిలో పెట్టుకొనును. ‘డ్రై వెయిట్’ అను మాటకు తెలుగున నిలిచిన పేరు లేదు. ఒంటిలో అదనపు నీరు లేనప్పటి బరువు అని విప్పి చెప్పినచో ఎవరికైనను తెలియును. ప్రతి ఉదయమును తూకము చూచుకొని, చికిత్సకు చికిత్సకు నడుమ రెండు కిలోలు మించి పెరుగకుండుటకు యత్నించును. చెన్నపురి తెలుగు సంఘములు నిఘంటువులకు, నాటకములకు వెచ్చించిన శ్రమలో కొంత ఈ పనికి వెచ్చించినను తగును.

మణి తన వృత్తిజీవితపు ఉత్తరభాగమున యంత్రమునుండి దృష్టిని వెనుకకు మరల్చెను. ఆయన ఆధ్వర్యమున కిడ్నీ హెల్ప్ ట్రస్టు చెన్నై శివారు గ్రామములలో 1990ల చివర ఇంటింటికి పనివారిని పంపి, మూత్రములో ఆల్బుమిన్‌ను, చక్కెరను చవుకైన పరీక్షలతో కనిపెట్టి, పోటు కొలిచి, రిసర్పిన్, మెట్‌ఫార్మిన్ వంటి స్వల్పవ్యయపు మందులతోనే మధుమేహమును, రక్తపుపోటును అదుపు చేయవచ్చునని చూపెను. ఇంటికే చికిత్సను పంపు మార్గమును తమిళనాడు ప్రభుత్వము 2021 ఆగస్టులో మఱియొక రూపమున చేపట్టెను. ‘మక్కళై తేడి మరుత్తువం’ అను ఆ పథకము తెలుగువారు పెక్కుమంది నివసించు కృష్ణగిరి జిల్లాలో ప్రారంభమై, ఉదరపు పొరద్వారా తామే డయాలిసిస్ చేసికొను రోగులకు వలసిన ద్రవపు సంచులను వారి యింటి వాకిటికే చేర్చుచున్నది. దినమునకు మూడు నాలుగు మార్లు, చేతులు కడుగుకొని, కిటికీ మూసి, పంకా ఆపి, రోగియే సంచి మార్చుకొనును.